“బ్లీడింగ్ ఆగిపోయింది సిస్టర్”: ఐదో వారంలో స్పాటింగ్, ఒక కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి ఆమె ఒప్పుకున్నారు. రాయమని అడిగింది కూడా ఆమే. గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. గర్భం తొలివారాల్లో కొద్దిగా రక్తం కనిపించిన ఆడవాళ్లను నేను రోజూ చూస్తాను. వాళ్లలో ఎక్కువమంది ధైర్యంగా ఇంటికి వెళ్తారు, వెళ్లాలి కూడా. ఈమె విషయంలో మేము ఎక్కడ పొరబడ్డామో, ఆమె ఎలా బయటపడ్డారో వివరంగా చెప్పుకోవడం అవసరమనిపించింది.

నేపథ్యం

ఆమెకు ముప్పై దాటాయి. ఇది రెండో గర్భం. మొదటి బిడ్డకు నాలుగేళ్లు, మామూలు కాన్పు. అప్పుడు కూడా ఏడో వారంలో మూడు రోజులు మరకలు కనిపించి వాటంతట అవే ఆగిపోయాయి, బిడ్డ ఆరోగ్యంగా పుట్టాడు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత ఆమె తీసుకున్న నిర్ణయాల్లోనూ మేము తీసుకున్న నిర్ణయాల్లోనూ దీని నీడ ఉంది.

పొట్టకు ఆపరేషన్ ఏదీ జరగలేదు. గర్భసంచికి, ట్యూబులకు ఇన్ఫెక్షన్ వచ్చినట్టు తెలియదు. కాపర్-టి వేయించుకోలేదు. పిల్లల కోసం చికిత్స తీసుకోలేదు. పొగ అలవాటు లేదు. ఇంతకుముందు గర్భస్రావం కాలేదు. బ్లడ్ గ్రూప్ ఓ పాజిటివ్. నెలసరి మాత్రం 30 నుంచి 36 రోజుల మధ్య అటూ ఇటూ అవుతుంటుంది.

కేస్ షీట్‌లో రిస్క్ అన్న గడి ఖాళీగానే ఉంది. ట్యూబులో గర్భం వచ్చినవారిలో దాదాపు సగం మందికి ఆ గడి ఖాళీగానే ఉంటుంది. ఇది చదువుకున్న విషయమే. అయినా ఎదురుగా ఖాళీ గడి కనిపిస్తే మనసు కొంచెం నెమ్మదిస్తుంది. ఆ రోజు నాకు జరిగింది అదే.

ఏ ఇబ్బందితో వచ్చారు

నెల తప్పాక ఇంట్లో యూరిన్ టెస్ట్ చేసుకుంటే రెండు గీతలు వచ్చాయి. మూడు రోజులకు లోదుస్తుల మీద గోధుమరంగు మరక కనిపించింది. తెలిసినవాళ్ల ద్వారా ఫోన్‌లో ఒక డాక్టరు సలహా తీసుకున్నారు. గర్భం నిలవడానికని ఇచ్చే ప్రొజెస్టిరాన్ హార్మోన్ మాత్ర రోజుకు రెండుసార్లు వేసుకోమని, మంచం దిగొద్దని చెప్పారట. రెండు రోజులు అలాగే చేశారు. మరకలు ఆగకపోవడంతో సోమవారం మా దగ్గరికి వచ్చారు. చివరి నెలసరి లెక్కన అప్పటికి ఐదు వారాల నాలుగు రోజులు.

కూర్చోగానే ఫోన్ తీసి నాకు చూపించారు. మరక కనిపించిన ప్రతిసారీ రాసుకున్నారు. “ఉదయం 7, గోధుమరంగు, చిటికెన వేలి గోరంత.” “మధ్యాహ్నం 2, తుడుచుకుంటే లేత గులాబీ.” “రాత్రి 10, ఏమీ లేదు.” రెండు రోజులకు పదకొండు వరుసలున్నాయి. రంగు, పరిమాణం, టైము అన్నీ ఉన్నాయి. నొప్పి గురించి ఒక్క మాట లేదు. దాన్ని నేను అప్పుడు పట్టించుకోలేదు. రక్తం ఎంత పోతోందన్నదే ముఖ్యమని ఆమె అనుకున్నారు, నేను కూడా ఆ జాబితాను మెచ్చుకుని పక్కన పెట్టాను.

నొప్పి ఉందా అని అడిగితే, “నొప్పి అని కాదు మేడమ్, కుడి పక్కన కాస్త లాగినట్టు ఉంటుంది” అన్నారు.

నాడి 82, బీపీ 112/70. పొట్ట మెత్తగా ఉంది. స్పెక్యులమ్ పెట్టి చూస్తే గర్భాశయ ముఖద్వారం మూసుకునే ఉంది. దాని దగ్గర కొద్దిగా గోధుమరంగు స్రావం, అంతే. పాలిప్ లేదు, పుండు లేదు. హిమోగ్లోబిన్ 11.8. యోని ద్వారా స్కాన్ చేశాం. గర్భసంచి లోపలి పొర 11 మి.మీ. మందంగా ఉంది కానీ లోపల గర్భపు తిత్తి కనిపించలేదు. కుడి అండాశయంలో కార్పస్ లూటియం, అంటే అండం విడుదలైన చోట ఏర్పడే చిన్న ముద్ద, ఉంది. పక్కన గడ్డ ఏదీ లేదు, పొట్టలో ద్రవం లేదు. రక్తంలో గర్భం హార్మోన్ బీటా హెచ్‌సీజీ 940 వచ్చింది.

మొదటి రోజు మా ఆలోచన

మొదటి మూడు నెలల్లో ప్రతి నలుగురు గర్భిణుల్లో దాదాపు ఒకరికి ఎంతో కొంత రక్తం కనిపిస్తుంది. ముఖద్వారం దగ్గర కొత్తగా పెరిగిన సున్నితమైన రక్తనాళాల నుంచి రావచ్చు, ముఖ్యంగా కలయిక తర్వాత. తిత్తి చుట్టూ కొద్దిగా రక్తం చేరి అది మెల్లగా బయటికి రావచ్చు. గర్భస్రావానికి అది మొదటి సూచన కావచ్చు. అరుదుగా ముత్యాల గర్భం, అంటే మాయ అసహజంగా బుడగల్లా పెరిగే గర్భం, కావచ్చు. మొత్తం గర్భిణుల్లో నూటికి ఒకరిద్దరిలో గర్భం గర్భసంచి బయట, చాలావరకు ఫెలోపియన్ ట్యూబులో, నాటుకుని ఉండవచ్చు. చివరిది ఒక్కటే కొన్ని గంటల్లో ప్రాణం మీదికి తెచ్చేది. అందుకే ఈ దశలో బిడ్డ నిలుస్తుందా అన్న ప్రశ్నకు ముందు గర్భం ఎక్కడుంది అన్న ప్రశ్న తేలాలి.

మామూలుగా ఐదో వారం ప్రాంతంలో తిత్తి, ఐదున్నరకు దానిలో యోక్ శాక్ (పిండానికి తొలిరోజుల్లో పోషణనిచ్చే చిన్న సంచి), ఆరో వారానికి పిండం, గుండె కదలిక కనిపిస్తాయి. తిత్తిలో యోక్ శాక్ కనిపించిందంటే గర్భం చోటు తేలినట్టే. గుండె కదలిక కూడా కనిపిస్తే, కొద్దిపాటి బ్లీడింగ్ ఉన్నా నూటికి తొంభైకి పైగా గర్భాలు నిలుస్తాయి. ఈమె స్కాన్‌లో వీటిలో ఏదీ కనిపించలేదు. టెస్ట్ పాజిటివ్, లోపలా బయటా గర్భం కనబడదు. దీన్ని మేము చోటు తెలియని గర్భం అంటాం. అది రోగ నిర్ధారణ కాదు, ఇంకా తేలలేదని చెప్పే ఒక తాత్కాలిక పేరు.

ఇక్కడ నాకు ఒక సులువైన వివరణ దొరికింది. నెలసరి సరిగా రాదు కాబట్టి అండం ఆలస్యంగా విడుదలై ఉంటుంది, నిజానికి నాలుగున్నర వారాలే అయ్యుంటాయి, అందుకే తిత్తి కనబడలేదు అనుకున్నాను. ఆ వివరణ తప్పేమీ కాదు, చాలాసార్లు నిజమవుతుంది కూడా. దాంతో పాటు మొదటి గర్భంలోనూ ఇలాగే అయిందన్న సంగతి చేరింది. కుడి పక్కన లాగుతోందన్న మాటను కార్పస్ లూటియం ఖాతాలో వేశాను, అది కూడా కుడి వైపే ఉంది మరి. ఒక్కొక్కటి విడిగా చూస్తే సమంజసమే. మూడూ ఒకే దిక్కుకు తోస్తున్నాయని అప్పుడు తోచలేదు.

48 గంటల తర్వాత హెచ్‌సీజీ మళ్లీ చేయాలని నిర్ణయించాం. ఒక్క అంకెతో ఏమీ తెలియదు, రెండు అంకెల మధ్య నడకే మాకు కావాలి.

ప్రొజెస్టిరాన్ ఆపమని చెప్పాను. 2019లో ప్రిజమ్ అనే పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. తొలివారాల్లో రక్తం కనిపించిన నాలుగు వేల మందికి పైగా ఆడవాళ్లు అందులో ఉన్నారు. మొత్తంగా చూస్తే ప్రొజెస్టిరాన్ వల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇంతకుముందు గర్భస్రావాలు అయినవారిలో మాత్రం ప్రయోజనం కనిపించింది. ఆ తర్వాత 2021లో బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే సంస్థ నైస్ మార్గదర్శకాలు ఒక స్పష్టమైన సందర్భం పెట్టాయి. స్కాన్‌లో గర్భం గర్భసంచిలోనే ఉందని తేలాలి, బ్లీడింగ్ ఉండాలి, గతంలో కనీసం ఒక గర్భస్రావం అయ్యుండాలి. ఈమెకు మొదటిదీ లేదు, మూడోదీ లేదు. మంచం దిగకుండా ఉంటే గర్భం నిలుస్తుందన్నదానికి కూడా ఆధారం లేదు. కాబట్టి లేచి తిరగమన్నాను. ఇవన్నీ నా తలలో ఉన్నాయి. ఆమెకు చెప్పింది మాత్రం ఒక్క ముక్క: “ఆ మాత్ర అవసరం లేదమ్మా, ఆపేయండి.”

ఆమె ఆపలేదు. అది మాకు ఆపరేషన్ అయ్యాక తెలిసింది.

బుధవారం

రెండో హెచ్‌సీజీ 1,420. రెండు రోజుల్లో 51 శాతం పెరిగింది.

ఈ అంకె దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మా విభాగంలో దీని మీదే వాదన జరిగింది. గర్భం బాగా పెరుగుతుంటే 48 గంటల్లో హెచ్‌సీజీ రెట్టింపు అవుతుందని మామూలుగా చెప్పుకుంటాం. కానీ ఆరోగ్యంగా నిలిచిన గర్భాల్లోనూ అంతకంటే నెమ్మదిగా పెరిగినవి ఉన్నాయి. అమెరికన్ ప్రసూతి వైద్యుల సంఘం లెక్క ప్రకారం, మొదటి విలువ 1,500 కంటే తక్కువ ఉన్నప్పుడు 49 శాతం కనీస పెరుగుదల. నైస్ లెక్కలో 63 శాతానికి మించి పెరిగితేనే గర్భసంచిలో మామూలు గర్భం ఉండే అవకాశం ఎక్కువ. అంతకంటే తక్కువ పెరిగినా, సగం కంటే తక్కువ తగ్గినా 24 గంటల్లో మనిషిని పిలిపించి మళ్లీ చూడాలి. మా 51 శాతం ఈ రెండు గీతల మధ్య పడింది.

జూనియర్ సహచరురాలు రేపే స్కాన్ చేద్దామన్నారు. నేను రెండు కారణాలతో శుక్రవారం దాకా ఆగుదామన్నాను. ఒకటి, కనీస గీత దాటింది. రెండు, 1,500 దాటలేదు కాబట్టి స్కాన్‌లో తిత్తి ఎలాగూ కనిపించదు. రెండో కారణం పూర్తిగా తప్పు. ఆ 1,500 గీత గర్భసంచిలో తిత్తి ఎప్పుడు కనిపించాలన్నదానికి సంబంధించింది, దాన్ని కూడా ఇప్పుడు 3,500 దాకా జరిపారు. ట్యూబులో గర్భం ఉంటే దానికి ఈ గీతతో పని లేదు. హెచ్‌సీజీ వందల్లో ఉన్నా ట్యూబు పక్కన గడ్డ కనిపించవచ్చు, ట్యూబు పగలనూ వచ్చు. మొదటి కారణం కూడా బలహీనమే. ట్యూబు గర్భాల్లో దాదాపు ఐదోవంతులో హెచ్‌సీజీ అచ్చం మామూలు గర్భంలాగే పెరుగుతుంది. పెరుగుదల బాగుందన్నది గర్భం పెరుగుతోందని చెబుతుంది, చోటు సంగతి చెప్పదు. ఆ సహచరురాలి మాట వినాల్సింది.

ఫలితం చెప్పడానికి ఫోన్ చేశాను. “పెరుగుతోందమ్మా. శుక్రవారం ఉదయం వచ్చి మళ్లీ రక్తం ఇచ్చి, స్కాన్ చేయించుకోండి. ఈలోపు బ్లీడింగ్ ఎక్కువైతే వెంటనే వచ్చేయండి.” ఈ మాటలు ఎన్ని వందలమందికి చెప్పానో లెక్కలేదు.

గురువారం, శుక్రవారం

గురువారం మధ్యాహ్నానికి మరకలు పూర్తిగా ఆగిపోయాయి. ఫోన్‌లో ఆమె రాసుకున్న ఆఖరి వరుస: “సాయంత్రం 6, ఏమీ లేదు. శుభ్రంగా ఉంది.” మాత్రలు పనిచేశాయని అనుకున్నారు. మాత్రల వల్లే ఆగిందని నేను చెప్పలేను. ట్యూబు గర్భంలో స్పాటింగ్ వచ్చిపోతూ ఉండటం మామూలే. మొదటి గర్భంలోనూ మూడు రోజులకు ఇలాగే ఆగింది. శుక్రవారం ఉదయం ఆసుపత్రికి రావడం అనవసరమనుకున్నారు. పరీక్షల పేరుతో కదిలిస్తే మళ్లీ మొదలవుతుందేమోనని భయం కూడా.

శుక్రవారం తెల్లవారుజామున కుడి భుజం కొసన నొప్పితో మెలకువ వచ్చింది. ఒత్తిగిలి పడుకోవడం వల్ల పట్టేసిందనుకుని నొప్పి మందు రాసుకున్నారు. పడుకుంటే ఎక్కువవుతోంది, లేచి కూర్చుంటే తగ్గుతోంది. కాసేపటికి విరేచనానికి వెళ్లాలనిపించింది, వెళ్తే ఏమీ రాలేదు, కూర్చున్నచోటే కళ్లు తిరిగాయి. పొట్టలో నొప్పి ఉంది కానీ ఓర్చుకోగలిగినంతే. ప్యాడ్ చూసుకున్నారు. తెల్లగా ఉంది. ఆ తెల్లటి ప్యాడ్ చూసి మళ్లీ పడుకున్నారు.

మా విభాగంలో చోటు తెలియని గర్భాలన్నిటికీ ఒక రిజిస్టర్ ఉంది. ఏ రోజు ఎవరు రావాలో అందులో రాస్తాం, వచ్చినవారి పేరు పక్కన టిక్ పెడతాం. శుక్రవారం పదకొండు గంటలకు ఈమె పేరు పక్కన టిక్ లేదు. మా సిస్టర్ ఫోన్ చేశారు.

“ఏమ్మా, ఇవాళ రాలేదు?”

“బ్లీడింగ్ ఆగిపోయింది సిస్టర్. ఇప్పుడు బాగానే ఉంది.”

ఇక్కడితో ఫోన్ పెట్టేయవచ్చు. సిస్టర్ పెట్టేయలేదు. “ఇప్పుడు ఏం చేస్తున్నారమ్మా? లేచి తిరుగుతున్నారా?” అని అడిగారు.

“లేదు సిస్టర్, పడుకున్నా. లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. రాత్రి సరిగా పడుకోలేదేమో, భుజం కూడా పట్టేసింది.”

సిస్టర్ ఇంకేమీ అడగలేదు. ఇంట్లో ఎవరున్నారో కనుక్కుని వాళ్లతో మాట్లాడారు. అంబులెన్స్‌లోనే తీసుకురమ్మని, నడిపించొద్దని, ఏమీ తినిపించొద్దు తాగించొద్దని చెప్పారు. అవతల ఫోన్ పెట్టకముందే చేత్తో నాకు సైగ చేశారు.

భుజం నొప్పికి, ట్యూబులో గర్భానికి ఏమిటి సంబంధం? ట్యూబు నుంచి కారిన రక్తం పొట్టలోకే చేరుతుంది, బయటికి రాదు. మనిషి పడుకున్నప్పుడు అది పైకి జరిగి ఛాతీకీ పొట్టకీ మధ్య ఉన్న డయాఫ్రమ్‌ను తాకుతుంది. డయాఫ్రమ్‌కు వచ్చే నరం, భుజం దగ్గర చర్మానికి వచ్చే నరాలు మెడలో ఒకే చోట పుడతాయి. అందుకని అక్కడి బాధ భుజంలో ఉన్నట్టు తెలుస్తుంది. కూర్చుంటే తగ్గడం, పడుకుంటే పెరగడం దాని గుర్తు. విరేచనానికి వెళ్లాలనిపించడానికి కారణం కూడా రక్తమే. గర్భసంచి వెనక గుంటలో చేరి మలద్వారపు పేగును ఒత్తుతుంది.

మరి బయటికి వచ్చిన ఆ గోధుమరంగు మరక ఏమిటి? అది ట్యూబు నుంచి వచ్చింది కాదు. గర్భం ఎక్కడున్నా గర్భసంచి లోపలి పొర హార్మోన్లకు స్పందించి మందమవుతుంది. ట్యూబులోని గర్భానికి హార్మోన్లు చాలనప్పుడు ఆ పొర అక్కడక్కడా రాలుతుంది. ఆ రాలినదే మరక. లోపల జరిగేదానికి, ప్యాడ్ మీద కనిపించేదానికి లెక్క కుదరకపోవడానికి కారణం ఇదే. ఈ ఒక్క సంగతి సోమవారమే ఆమెకు చెప్పి ఉంటే శుక్రవారం తెల్లవారుజామున తెల్లటి ప్యాడ్ చూసి పడుకునేవారు కాదు.

ఏది పనిచేసింది

వచ్చేసరికి నాడి 112, బీపీ 98/60. పెదాలు పాలిపోయాయి. మాట స్పష్టంగానే ఉంది. హిమోగ్లోబిన్ 10.2, మరీ ఘోరంగా ఏమీ లేదు. అప్పుడే మొదలైన రక్తస్రావంలో హిమోగ్లోబిన్‌ను నమ్ముకోకూడదు. పోయేది మొత్తం రక్తం కాబట్టి మిగిలినదాని చిక్కదనం కొన్ని గంటలపాటు పెద్దగా మారదు. వయసులో ఉన్నవారి రక్తనాళాలు బిగుసుకుని బీపీని చాలాసేపు నిలబెడతాయి. ముందుగా మారేది నాడి వేగం.

బెడ్ దగ్గరే స్కాన్ చేశాం. కుడి అండాశయం పక్కన 28 మి.మీ. గడ్డ, పొట్టలో కాలేయం కింది దాకా ద్రవం. హెచ్‌సీజీ ఫలితం తర్వాత వచ్చింది, 1,890. దాని కోసం మేము ఆగలేదు.

గర్భపు కణాల పెరుగుదలను ఆపే మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్‌తో, ఆపరేషన్ లేకుండా నయం చేయలేమా అని ఆమె భర్త అడిగారు. న్యాయమైన ప్రశ్న. మనిషి నిలకడగా ఉండి, నొప్పి పెద్దగా లేక, ట్యూబు పగలకుండా, గడ్డ 35 మి.మీ. కంటే చిన్నదై, గుండె కదలిక లేకుండా, హెచ్‌సీజీ తక్కువగా ఉంటే ఆ మందు మంచి దారి. అది కూడా గర్భసంచిలో గర్భం లేదని తేలాకే. తర్వాత నాలుగో రోజు, ఏడో రోజు రక్తపరీక్షకు తప్పకుండా రాగలిగినవారికే. ఈమె గడ్డ చిన్నదే, హెచ్‌సీజీ తక్కువే. బుధవారమో గురువారమో స్కాన్ చేసి గడ్డను చూసి ఉంటే ఈ చర్చ చేయగలిగేవాళ్లం. పొట్టలో రక్తం చేరాక ఆ దారి మూసుకుపోయింది. ఆయనకు ఈ మాట ఇలాగే చెప్పాను.

రెండు చేతులకూ పెద్ద సూదులు పెట్టాం, రక్తం సిద్ధం చేయించాం, అరగంటలో థియేటర్‌కు తీసుకెళ్లాం. లాప్రోస్కోపీలో (చిన్న కోతల్లోంచి కెమెరాతో) చూస్తే పొట్టలో సుమారు 700 మి.లీ. రక్తం ఉంది, కుడి ట్యూబు మధ్య భాగం ఉబ్బి ఒకచోట చీలి కారుతోంది. ఎడమ ట్యూబు శుభ్రంగా ఉంది. కుడి ట్యూబును తీసేశాం. రెండో ట్యూబు బాగున్నప్పుడు, చెడిన ట్యూబును కోసి గర్భాన్ని మాత్రం తీసి దాన్ని కాపాడినంత మాత్రాన తర్వాత సహజంగా గర్భం వచ్చే అవకాశం చెప్పుకోదగ్గంత పెరగదని 2014లో వచ్చిన ఒక యూరోపియన్ పరిశోధన చూపించింది. పైగా కాపాడిన ట్యూబులో గర్భపు కణాలు మిగిలిపోయి మళ్లీ చికిత్స అవసరం కావచ్చు. రక్తం ఎక్కించాల్సిన అవసరం రాలేదు. మూడో రోజు ఇంటికి వెళ్లారు.

బ్లడ్ గ్రూప్ నెగటివ్ అయ్యుంటే ఆపరేషన్ తర్వాత యాంటీ-డి ఇంజెక్షన్ (తర్వాతి గర్భాల్లో బిడ్డ రక్తకణాలకు హాని జరగకుండా ఇచ్చేది) ఇచ్చేవాళ్లం. తొలివారాల్లో ఎవరికి ఇవ్వాలన్నదాని మీద మార్గదర్శకాలు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి. బ్లీడింగ్ అని ఫోన్ చేసినప్పుడే గ్రూప్ చెబితే మాకు పని సులువవుతుంది.

మేము మార్చుకున్నవి

ఈ కేసును విభాగం సమావేశంలో నేనే చదివి వినిపించాను. స్కాన్ నిర్ణయం గురించి ఎక్కువసేపు మాట్లాడుకుంటామనుకున్నాను. అది త్వరగానే తేలింది. చోటు తెలియని గర్భంలో హెచ్‌సీజీ మధ్యస్థంగా పెరిగితే మర్నాడే మనిషిని చూస్తాం, స్కాన్‌కు హెచ్‌సీజీ గీత అడ్డు పెట్టం. ఎక్కువసేపు నడిచింది మా మాటల గురించి.

“బ్లీడింగ్ ఎక్కువైతే రండి” అన్న వాక్యాన్ని ఆమె అక్షరాలా పాటించారు. ఎక్కువ కాలేదు, రాలేదు. తప్పు వాక్యానిది. నిజానికి ప్యాడ్ నిండడానికి కూడా ఒక లెక్క ఉంది. గంటకు రెండు ప్యాడ్లు పూర్తిగా తడిసిపోతూ వరుసగా రెండు గంటలు సాగితే ఒక్క నిమిషం ఆగకూడదు. గర్భస్రావంలో ఇది పనికొచ్చే లెక్క. గర్భం చోటు ఇంకా తేలనివారికి అదొక్కటే చెబితే మిగతావన్నీ భద్రమేనని అర్థమవుతుంది.

మాత్ర ఎందుకు ఆపలేదని అడిగితే, “మీరు వద్దన్నారు కానీ, వద్దంటే ఏమవుతుందో చెప్పలేదు మేడమ్. వేసుకుంటే నష్టం లేదు కదా, ఆపితే బిడ్డ పోతే?” అన్నారు. నేను రెండు నిమిషాలు మిగుల్చుకున్నాను, ఆమె నాలుగు రోజులు ఆ భయంతో గడిపారు.

రెండు వారాల తర్వాత కుట్లు చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఇంకో మాట అన్నారు. “అందరూ ప్రాణం దక్కింది, అదే చాలు అంటున్నారు. అది కూడా బిడ్డే కదా మేడమ్.” అవునమ్మా, బిడ్డే అన్నాను. ఆ విషయం గురించి కాసేపు మాట్లాడుకున్నాం. ట్యూబు గర్భంలో ప్రాణాపాయం ఎంత పెద్దగా కనిపిస్తుందంటే, పోయిన గర్భం గురించి పలకరించేవాళ్లు ఉండరు. మా సిస్టర్లందరికీ ఇప్పుడు చెబుతున్నాం, డిశ్చార్జ్ రోజున ఆ పలకరింపు తప్పకూడదని.

మళ్లీ గర్భం వస్తే ఏం చేయాలో కూడా ఆ రోజే చెప్పాం. ఒకసారి ట్యూబు గర్భం వచ్చినవారిలో పదిమందిలో సుమారు ఒకరికి మళ్లీ రావచ్చు. కాబట్టి టెస్ట్ పాజిటివ్ రాగానే మరక కోసం, నొప్పి కోసం చూడకుండా ఫోన్ చేయాలి, ఆరో వారంలో స్కాన్ చేయించుకోవాలి. ట్యూబులకు ఆపరేషన్ అయినవారికి, కాపర్-టి ఉండగా గర్భం వచ్చినవారికి, ఐవీఎఫ్‌తో గర్భం వచ్చినవారికి కూడా ఇదే చెబుతాం.

ఇంటికి పంపేటప్పుడు చేతికిచ్చే కాగితం కొత్తగా రాశాం. చిత్తుప్రతి అదే రోజు ఆమెకు చూపించాను. టెస్ట్ పాజిటివ్ వచ్చాక ఏ కొద్ది రక్తం కనిపించినా ఆ రోజో మర్నాడో ఫోన్ చేసి చెప్పాలని, ఒక పక్కన ఆగని నొప్పి, కళ్లు తిరగడం, సొమ్మసిల్లడం, భుజం కొసన నొప్పి, విరేచనానికి వెళ్లినప్పుడు నొప్పి, జ్వరం, చెడువాసన ఉంటే పగలైనా రాత్రైనా వెంటనే రావాలని అందులో రాశాం. “తీవ్రమైన కడుపునొప్పి” అని కూడా ఒక వరుస ఉంది.

ఆమె నా పెన్ను అడిగి తీసుకుని “తీవ్రమైన” అన్న మాట కొట్టేశారు. “తీవ్రమైన అంటే పురిటి నొప్పంత అనుకున్నా మేడమ్. అంత లేదు కదా అని ఊరుకున్నా.” దాని బదులు “ఇంతకుముందు లేని నొప్పి” అని రాశారు. తర్వాత కాగితం పైన ఖాళీ ఉన్నచోట ఇంకో వరుస రాసి నాకిచ్చారు: “బ్లీడింగ్ ఆగిపోయినా చెప్పిన రోజున రండి.”

మేము దాన్ని అక్కడే, అన్నిటికంటే పైన, అవే మాటలతో అచ్చు వేయించాం.